రోజుకొక సుడోకు, కాగితం మీద: నేను వాడుతున్న పుస్తకం గురించి

ముందుగా రేటింగ్ చెప్పేస్తాను. ఐదుకి నాలుగు.

ఏకాగ్రత తగ్గిపోతోందని బాధపడేవాళ్లు రోజూ కాసేపు ఫోన్ పక్కన పెట్టి చేసుకోవడానికి ఏదైనా పని ఉందా అని అడిగితే, అచ్చయిన సుడోకు పుస్తకం ఒకటి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. సుడోకు అంటే కొన్ని అంకెలు ముందే ఇచ్చిన తొమ్మిది తొమ్మిదుల గళ్లను, ప్రతి అడ్డు వరుసలో, నిలువు వరుసలో, మూడు మూళ్ల పెట్టెలో 1 నుంచి 9 దాకా ఒక్కో అంకె ఒక్కసారే వచ్చేలా నింపే పజిల్. అయితే అట్ట మీద రాసిన మాటలు చూసి మాత్రం కొనకండి. నా దగ్గరున్న పుస్తకం అట్ట మీద కూడా ‘మెదడుకు పదును’, ‘జ్ఞాపకశక్తికి వ్యాయామం’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు అది ఉపయోగపడిన తీరు వేరు. ఎక్కడ ఆగిపోయామో అక్కడే కూర్చోవడం, విసుగొచ్చినా లేచిపోకుండా అదే గడిని ఇంకోసారి చూడడం ఈ పుస్తకం వల్ల నాకు మళ్లీ అలవాటైంది. ఈ రివ్యూలో ప్రతి విషయాన్నీ ఆ కోణంలోంచే చూశాను. ఆ అలవాటుకు పుస్తకంలో ఏది సాయం చేస్తుంది, ఏది అడ్డుపడుతుంది అన్నదే నా కొలత.

పుస్తకం పేరు రాయడం లేదు. ఇలాంటి పుస్తకాల కాగితం, బైండింగ్, పజిల్స్ ఎంపిక ఒక ముద్రణ నుంచి ఇంకో ముద్రణకు మారిపోతాయి. ఏం చూసి కొనాలో తెలిస్తే ఎవరి పుస్తకమైనా మీరే పరీక్షించుకోవచ్చు. నాది రెండు వందల పజిల్స్ ఉన్న స్పైరల్ బైండింగ్ పుస్తకం. సులభం, మధ్యస్థం, కఠినం, అతి కఠినం అని నాలుగు భాగాలు. సమాధానాలు చివర్లో ఉన్నాయి.

నేను ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. నాది ప్రూఫులు దిద్దే పని. ఒత్తు ఎగిరిపోయిందా, దీర్ఘం పడాల్సిన చోట పడిందా, ఒకే మనిషి పేరు రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉందా అని చూస్తూ ఫారం తర్వాత ఫారం చదవాలి. ఫారం అంటే పదహారు పేజీలు. కొంతకాలంగా ఒక ఫారం పూర్తిగా చదవడమే కష్టమైపోయింది. కళ్లు అక్షరాల మీద నడుస్తూనే ఉండేవి. పేరా చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండేది కాదు. ఫోన్ మోగకపోయినా మోగిందేమో అన్న ధ్యాస. మళ్లీ పేరా మొదటికి వెళ్లడం, మళ్లీ అదే.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. తెర ముందు మనుషుల ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో ఏళ్ల తరబడి కొలిచిన పరిశోధకురాలు గ్లోరియా మార్క్. 2004 ప్రాంతంలో ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేదని, ఇటీవలి కొలతల్లో అది 47 సెకన్ల దాకా పడిపోయిందని ఆమె చెప్పారు. సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన ఇంకో సంగతి చెబుతుంది. ఒక పని సగంలో వదిలి రెండో పనికి వెళ్తే, మొదటి పని తాలూకు ఆలోచన కొంత వెనకే ఉండిపోతుందట. రెండో పనికి పూర్తి మనసు దొరకదు. నా ప్రూఫుల బల్ల దగ్గర జరుగుతున్నది సరిగ్గా ఇదే. అందుకే తెర లేనిది, మధ్యలో పిలవనిది, మొదలూ చివరా ఉన్నది కావాలనుకున్నాను. చదువుకునే పుస్తకం సరిపోదా అంటే నా విషయంలో సరిపోదు. రోజంతా చదవడమే నా పని కాబట్టి, చదువుతూనే ఎక్కడికో వెళ్లిపోవడం నాకు అలవాటైపోయింది. సుడోకులో ఆ సౌకర్యం లేదు. మనసు పక్కకు పోతే పెన్సిలు ఆగిపోతుంది, ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ఇక వస్తువు దగ్గరికి వస్తాను.

మొదట చూడాల్సింది గడి సైజు. నా పుస్తకంలో పేజీకి ఒకే పజిల్. ఒక్కో గడి సెంటీమీటరు కంటే కొంచెం పెద్దది. కఠినమైన పజిల్స్‌లో ఒక గడిలో పట్టే అవకాశం ఉన్న అంకెలన్నీ మూలల్లో చిన్నగా రాసుకోవాలి. 1 పైన ఎడమ మూలన, 5 నడిమధ్యన, 9 కింద కుడి మూలన, అలా ప్రతి అంకెకీ ఒక స్థానం పెట్టుకుంటే చూడగానే తెలుస్తుంది. గడి చిన్నదైతే ఇది కుదరదు. పేజీకి నాలుగు పజిల్స్ ఇరికించిన పుస్తకాలు సులభం లెవెల్ దాకా పనికొస్తాయి, ఆ పైన చేయిజారిపోతాయి. నేను రోజూ అచ్చు చూసే మనిషిని కాబట్టి ఇంకొకటి కూడా గమనిస్తాను. ముందే ఇచ్చిన అంకెలు ముదురు అక్షరాల్లో ఉండాలి, మనం రాసిన అంకెతో కలిసిపోకూడదు. మూడు మూళ్ల పెట్టెల గీతలు లోపలి గీతల కంటే స్పష్టంగా లావుగా ఉండాలి. ఈ పుస్తకంలో రెండూ బాగున్నాయి. 6, 9, 8 తేడా తెలిసే అచ్చు వాడారు. పెద్దవాళ్లకీ కళ్లజోడు ఉన్నవాళ్లకీ ఇది చిన్న విషయం కాదు.

కాగితం మధ్యరకం. రెండు మూడు సార్లు చెరిపితే తట్టుకుంటుంది, అంతకు మించితే నూగు లేస్తుంది. వెనక పేజీ అచ్చు లీలగా కనబడుతుంది కానీ ఇబ్బంది పెట్టదు. పెన్ను వాడేవాళ్లకైతే వెనక్కి దిగుతుంది. పెన్సిలే వాడండి. మొన పదునుగా ఉండాలి, ములుకు మరీ గట్టిదైతే కాగితం మీద గాడి పడి చెరిపినా పాత అంకె కనబడుతూనే ఉంటుంది. హెచ్‌బీ గానీ 2బీ గానీ సరిపోతుంది.

స్పైరల్ వల్ల పుస్తకం బల్ల మీద చదునుగా పడి ఉంటుంది. అతికించిన బైండింగ్ పుస్తకాన్ని ఒక చేత్తో అణిచి పట్టుకుని రెండో చేత్తో రాయడం చికాకు. ఆ చిన్న చికాకే ‘రేపు చూద్దాంలే’ అనిపించడానికి చాలు. కాకపోతే స్పైరల్ ఎడమ పక్కన ఉంది. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. కుడి పేజీలో రాస్తున్నంతసేపూ చేతికి తీగ గుచ్చుకుంటోందని అంది. అలాంటివాళ్లు పైన స్పైరల్ ఉన్నది చూసుకోవాలి.

సమాధానాలు పుస్తకం చివర ఉండడం నాకు చాలా ముఖ్యం. కొన్ని పుస్తకాల్లో అదే పేజీ కింద తలకిందులుగా అచ్చేస్తారు. కన్ను ఎంత వద్దన్నా అటు పోతుంది.

లెవెల్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ముందే ఇచ్చిన అంకెలు ఎంత తక్కువైతే పజిల్ అంత కష్టమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఇరవై రెండు అంకెలిచ్చినది సులభంగా జారిపోవచ్చు, ఇరవై ఎనిమిది ఇచ్చినది గంటసేపు కదలకపోవచ్చు. ఏ అంకె ఎక్కడ పడుతుందో తేల్చడానికి ఎలాంటి తర్కం కావాలన్నదాన్ని బట్టి కష్టం ఉంటుంది. నా పుస్తకంలో సులభం భాగమంతా ‘ఈ పెట్టెలో 7 పట్టే గడి ఒక్కటే’ అనే ఒక్క సూత్రంతో అయిపోతుంది. మధ్యస్థంలో జంటలు వస్తాయి. ఒకే వరుసలో రెండు గళ్లలో 2, 9 మాత్రమే మిగిలితే ఆ వరుసలో ఇంకెక్కడా 2 గానీ 9 గానీ ఉండవు. అక్కడిదాకా మెట్లు చక్కగా కట్టారు. మధ్యస్థం నుంచి కఠినానికి వెళ్లే చోట మాత్రం ఒక మెట్టు తీసేసినట్టు ఉంది. ఒక పేజీ దాకా జంటలతో పని జరుగుతుంది, పేజీ తిప్పగానే అంతకుముందెప్పుడూ అవసరపడని పద్ధతి తెలిసుండాలి. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారని నా అనుమానం. నాలుగు నక్షత్రాల దగ్గర ఆగడానికి మొదటి కారణం ఇది.

ఇక అన్నిటికంటే పెద్ద పరీక్ష: ప్రతి పజిల్‌కీ ఒకే ఒక్క సమాధానం ఉండాలి. ఊహతో పని లేకుండా, తర్కంతోనే అక్కడికి చేరగలగాలి. ఈ పజిల్స్ ఎలా తయారవుతాయో తెలియడానికి సుడోకు చరిత్ర కొంచెం చెబుతాను. దీన్ని తయారుచేసింది హోవార్డ్ గార్న్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు అని అంటారు. 1979లో డెల్ సంస్థ పజిల్ పత్రికల్లో ‘నంబర్ ప్లేస్’ పేరుతో వచ్చింది. 1984లో జపాన్‌లో నికోలి అనే పజిల్స్ ప్రచురణ సంస్థ అందుకుంది. సుడోకు అన్న పేరు ఆ సంస్థకు చెందిన మాకి కాజి పెట్టినదే. వాళ్లు మనుషుల్ని కూర్చోబెట్టి పజిల్స్‌ని చేత్తోనే తయారుచేయించేవారు. ఇచ్చే అంకెలు గళ్లలో సమరూపంగా ఉండాలన్న నియమం పెట్టుకున్నారు. హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా చేసి రిటైరైన వేన్ గౌల్డ్ ఆ పజిల్‌ని చూసి ముచ్చటపడి, పజిల్స్ తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాయడానికి ఏళ్లు వెచ్చించారు. లండన్ ‘టైమ్స్’ పత్రికలో 2004 నవంబర్ 12న మొదటిది అచ్చయింది. మరుసటి ఏడాదికి ప్రపంచమంతా పాకింది. నా దగ్గరున్న పుస్తకంలోవి ప్రోగ్రామ్‌తో చేసినవేనని ముందుమాటలోనే రాశారు. చేత్తో చేసిన వాటిలో ఉండే అందం, ఒక చోట చిక్కు విప్పితే మరో మూల తలుపు తెరుచుకున్నట్టుండే అమరిక వీటిలో తక్కువ. కానీ నిజాయితీగా ఉన్నాయి. ఇప్పటిదాకా నేను చేసిన వాటిలో రెండు సమాధానాలున్నది ఒక్కటీ తగల్లేదు.

ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. దీనికి ముందు నేను వాడిన ఒక పుస్తకంలో అలాంటిది తగిలింది. గళ్లన్నీ నిండి చివరికి నాలుగు మిగిలాయి. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు మూలలు, రెండే రెండు పెట్టెల్లో ఉన్నాయి. నాలుగింట్లోనూ 3, 8 మాత్రమే పడతాయి. 3ని ఎడమన పెట్టినా సరిపోతుంది, కుడిన పెట్టినా సరిపోతుంది. ఎక్కడో నా తర్కం జారిందేమోనని మొదటి నుంచి సరిచూసుకున్నాను. తర్కంలో లోపం లేదు, అచ్చులో ఒక అంకె తగ్గింది. ఒకే సమాధానం రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని డబ్లిన్‌లో గణితవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటర్‌తో లెక్కగట్టి తేల్చింది. అయితే 17 దాటినంత మాత్రాన ఒకే సమాధానం వస్తుందన్న హామీ లేదు. ఇచ్చిన అంకెల్లో ఒక్కటి ఎగిరిపోయినా ఇలా అవ్వొచ్చు. అలాంటి పుస్తకం నాకెందుకు పనికిరాదంటే, ఒక్కసారి ఆ నమ్మకం పోయాక తర్వాత ఎక్కడ ఆగిపోయినా ‘ఇది కూడా తప్పు పజిలేమో’ అనిపిస్తుంది. ఆగిన చోట ఓపికగా కూర్చోవాలంటే దారి ఉందన్న నమ్మకం ఉండాలి.

ఆగిపోవడం గురించే ఇప్పుడు చెబుతాను. నా దృష్టిలో ఈ పుస్తకం ఇచ్చే అసలైన సరుకు అదే.

కఠినమైన పజిల్‌లో మొదటి పది పదిహేను అంకెలు సరదాగా పడతాయి. తర్వాత ఒక చోట అంతా ఆగిపోతుంది. ఏ వరుస చూసినా, ఏ పెట్టె చూసినా ముందుకు దారి ఉండదు. మనసు అప్పుడు చేసే పనులు గమనించండి. మొదట గడియారం వైపు చూస్తుంది. తర్వాత పొయ్యి మీద ఏదో పెట్టానేమో అంటుంది. ఎవరికో ఫోన్ చేయాలని గుర్తు చేస్తుంది. ప్రూఫు చదువుతూ ఫోన్ అందుకునే ముందు నాలో కలిగే కదలిక సరిగ్గా ఇదేనని ఈ పుస్తకంతోనే గుర్తుపట్టాను. తెర ముందు ఆ కదలిక వచ్చిందని తెలిసేలోపే చేయి ఫోన్ మీద ఉంటుంది. కాగితం ముందు చేతికి అందేది పెన్సిలు మాత్రమే. లేవకుండా కూర్చుంటే ఆ కదలిక కాసేపటికి దానంతటదే తగ్గిపోతుంది. అది తగ్గిన తర్వాత గళ్లు వేరేగా కనబడతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. పై నుంచి రెండో వరుసలో 4 పట్టే గళ్లు రెండే ఉన్నాయి, మూడో నిలువులో ఒకటి, ఎనిమిదో నిలువులో ఒకటి. అక్కడ తేలదు. కింద ఆరో వరుసలో చూస్తే 4కి మిగిలిన చోట్లు సరిగ్గా అవే రెండు నిలువుల్లో ఉన్నాయి. అక్కడా తేలదు. విడివిడిగా చూసినంతసేపూ రెండూ అయోమయమే. రెండూ కలిపి చూస్తే, పైన 4 మూడో నిలువులో పడితే కింద ఎనిమిదిలో పడాలి, పైన ఎనిమిదిలో పడితే కింద మూడులో పడాలి. ఎలా పడినా ఆ రెండు నిలువుల 4లు ఈ రెండు వరుసల్లోనే సర్దుకుంటాయి. కాబట్టి ఆ నిలువుల్లో మిగిలిన గళ్లన్నిట్లోంచీ 4ని కొట్టేయొచ్చు. ఒక గడిలో 4 పోతే 6 ఒక్కటే మిగిలింది, అక్కణ్నుంచి పజిల్ మళ్లీ కదిలింది. దీన్ని ఎక్స్-వింగ్ అంటారని తర్వాత తెలిసింది. పేరు తెలియకుండా, ఎవరూ చెప్పకుండా, ఒక పొద్దున బల్ల దగ్గర కూర్చుని దాన్ని కనిపెట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం చాలా గొప్పది. తెలియని పరిస్థితి రెండు చోట్ల ఉంటే, రెండింటినీ కలిపి చూస్తే ఏదో ఒకటి తెలుస్తుందన్న సంగతి చేత్తో ముట్టుకున్నట్టు అర్థమైంది.

ఇదే పని యాప్‌లో ఎందుకు కాదని అడుగుతారు. యాప్‌లూ వాడి చూశాను. చాలా వాటిలో తప్పు అంకె వేయగానే గడి ఎర్రబడుతుంది. అంటే ప్రతి అడుగులోనూ ఎవరో పక్కన కూర్చుని సరిచూస్తున్నట్టు. అలాంటప్పుడు రూఢిగా తెలుసుకుని వేయాల్సిన అవసరం పోతుంది, వేసి చూడడం మొదలవుతుంది. పట్టే అంకెల్ని మూలల్లో రాసుకోవడం కూడా అదే చేసిపెడుతుంది. ఆ రాసుకోవడంలోనే కదా గళ్లన్నీ ఒక్కొక్కటిగా కంటి కిందికి వచ్చేది! ఆగిపోయిన క్షణంలో ‘సూచన కావాలా’ అని బటన్ మెరుస్తుంది. పైన గడియారం పరిగెడుతుంటుంది, దానితో ఒక అనవసరమైన టెన్షన్. పజిల్ అవగానే ప్రకటన. ఒకవేళ ఇవన్నీ ఆపేసే యాప్ దొరికినా, అది ఉండేది ఫోన్‌లోనే. దాని పక్క తలుపులన్నీ తెరిచే ఉంటాయి. ప్రయాణంలో కాలక్షేపానికైతే యాప్ హాయిగా ఉంటుంది, దానికి నేనేమీ అడ్డుచెప్పను. ధ్యాస కోసమైతే కాగితమే.

ఏకాగ్రత నిజంగా పెరుగుతుందా? ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. 2010లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక పెద్ద పరీక్ష ఫలితాలు ప్రచురించింది. 11,430 మంది ఆరు వారాల పాటు కంప్యూటర్ మీద మెదడు వ్యాయామాలు చేశారు. చేసిన వ్యాయామాల్లో మెరుగుదల కనిపించింది. వాటిని పోలిన వేరే పరీక్షలు పెడితే ఆ మెరుగుదల అక్కడికి బదిలీ కాలేదు. అంతకుముందు అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,832 మందితో చేసి 2002లో ఫలితాలు ప్రచురించిన ‘యాక్టివ్’ అనే అధ్యయనంలోనూ అదే ధోరణి. జ్ఞాపకశక్తికి శిక్షణ ఇస్తే జ్ఞాపకశక్తి పరీక్షలో, తర్కానికి ఇస్తే తర్కం పరీక్షలో మెరుగయ్యారు. కాబట్టి రోజూ సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. అంతకు మించి మెదడు మొత్తం పదునెక్కుతుందని అట్ట మీద రాస్తే నమ్మొద్దు.

మరి నాకు ఏం మారింది? ఇప్పుడు ఒక ఫారం లేవకుండా చదవగలుగుతున్నాను. మధ్యలో ధ్యాస చెదరడం ఆగలేదు, చెదిరిందని త్వరగా తెలుస్తోంది, పేరా మొదటికి వెళ్లే బదులు చెదిరిన వాక్యానికే తిరిగి రాగలుగుతున్నాను. దీనికి సుడోకు ఒక్కటే కారణమని చెప్పను. పొద్దున లేవగానే అరగంట పాటు ఫోన్ ముట్టుకోకపోవడంలోనూ చాలా ఉంది. కానీ ‘ఫోన్ ముట్టుకోకూడదు’ అని ఒట్టి నియమం పెట్టుకుంటే అది రెండో రోజుకే సడలుతుంది. ఆ అరగంటలో చేతికీ కంటికీ చేయడానికి ఒక పని ఉండాలి. ఆ పని మరీ తేలిక కాకూడదు, మరీ అలసట కాకూడదు. అందుకు ఈ పుస్తకం నాకు సరిగ్గా సరిపోయింది.

నేను ఎలా చేస్తానో కొంచెం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. ఫోన్ వేరే గదిలో ఉంటుంది. బల్ల మీద బోర్లా పెట్టినా లాభం లేదు, అది ఉందన్న ధ్యాస ఉండనే ఉంటుంది. పొద్దున మొదటి పని ఇదే. రోజుకి ఒకే పేజీ. పూర్తయిందా లేదా అన్నది పట్టించుకోను. అరగంట దాటాక కదలకపోతే మూసేసి మర్నాడు అదే పేజీ తెరుస్తాను. నిన్న అరగంటసేపు చూసినా కనబడనిది మర్నాడు మొదటి నిమిషంలోనే కనబడడం తరచుగా జరుగుతుంది. గడియారం పెట్టుకోను. వేగం లెక్కపెట్టడం మొదలైతే ఆగిపోవడం ఓటమిలా అనిపిస్తుంది, ఆగిపోవడం కోసమే కదా ఇదంతా. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం చేయను. కళ్లు మూసుకున్నా గళ్లే కదులుతుంటాయి.

‘అమ్మా, జవాబు వెనకే ఉంది కదా, ఒక్క గడి చూసుకుంటే మిగతాదంతా అయిపోతుంది కదా’ అని మా అమ్మాయి అడుగుతుంది. చూడొచ్చు, పాపమేమీ లేదు. రెండు మూడు రోజులు తిరగేసినా కదలని పజిల్‌కి నేనూ ఒక గడి చూస్తాను. చూశాక ఆ అంకె అక్కడ ఎందుకు పడిందో తర్కం దొరికేదాకా ముందుకు వెళ్లను.

సుడోకు అంటే పడనివాళ్ల కోసం మిగతావి క్లుప్తంగా. మా అమ్మాయికి అంకెల వరుసలు విసుగు, ఆమెకు నచ్చింది నోనోగ్రామ్. గళ్ల పక్కన ఉన్న సంఖ్యల ప్రకారం కొన్ని గళ్లు నలుపు నింపుకుంటూ పోతే చివరికి బొమ్మ తేలుతుంది. ఎనభైల చివర్లో జపాన్‌లో పుట్టింది. బొమ్మ సగం తేలగానే మిగతాది ఊహించేయాలనిపిస్తుంది, ఆ తొందరను ఆపుకోవడమే అందులో సాధన. కకురో కూడికలతో నడుస్తుంది, ఒకే మొత్తంలో ఏ అంకే రెండోసారి రాకూడదు. రెండు గళ్ల మొత్తం 16 అయితే 7, 9 తప్ప ఇంకేమీ పడవు, మూడు గళ్ల మొత్తం 24 అయితే 7, 8, 9 మాత్రమే. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఇది సుడోకు కంటే రుచిగా ఉంటుంది. నాకు మాత్రం పొద్దున్నే అన్ని కూడికలు బరువు.

గళ్ల నుడికట్టు నాకు చాలా ఇష్టం, కానీ ఈ పనికి వాడను. 1913 డిసెంబర్ 21న ఆర్థర్ విన్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటిది వేసినప్పటి నుంచీ అది ప్రాణం పోసుకున్నది ఆధారాల చమత్కారం మీద. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ కలిపి ఒక్కో గడికి ఒక్కో అక్షరం కాబట్టి ‘క్ష్మి’ కూడా ఒకే గడిలో కూర్చుంటుంది. తిరగబడిన మాటలూ తడబడిన మాటలూ వెతకడంలో ఉన్న హాయి వేరు. అయితే అందులో ఒక మాట తెలియకపోతే ఎంతసేపు కూర్చున్నా తెలియదు. నిఘంటువు వెతకాలి, అది ఇప్పుడు ఫోన్‌లో ఉంది. సుడోకులో కావాల్సినదంతా ఆ పేజీలోనే ఉంటుంది. జిగ్సా పజిల్‌కి కూడా ఆ గుణం ఉంది, కానీ వెయ్యి ముక్కలది మొదలుపెడితే బల్ల మొత్తం రోజుల తరబడి దానికే అప్పగించాలి.

ఈ పుస్తకం ఎవరికి వద్దంటానంటే, అంకెలు చూస్తేనే గుండె దడదడలాడేవాళ్లకి. సుడోకులో లెక్కలేమీ లేవు, అంకెల బదులు రంగులున్నా పజిల్ అదే. అయినా కొందరికి ఆ భయం పోదు, వాళ్లు నోనోగ్రామ్‌తో మొదలుపెట్టడం మేలు. ఇంకొకటి. ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని రుగ్మత) లాంటి ఇబ్బంది ఉన్నవాళ్లకీ, నిద్రలేమి వల్లో దిగులు వల్లో ధ్యాస నిలవనివాళ్లకీ ఇది వైద్యం కాదు. వాళ్లు డాక్టరుని కలవాల్సిందే, పుస్తకం ఆ తర్వాత.

కొనే ముందు మధ్యస్థం భాగంలో ఏదో ఒక పేజీ తెరిచి చూడండి. గడిలో తొమ్మిది చిన్న అంకెలు పడతాయా, పుస్తకం చదునుగా నిలుస్తుందా, వెనక పేజీ అచ్చు ఎంత కనబడుతోంది, ఈ మూడూ నిలబడిన చోటే తెలిసిపోతాయి. మొదటి వారం సులభం భాగంలోనే ఉండండి. ఒక్కసారి కూడా ఆగకుండా పేజీ పూర్తవుతోందంటే పై లెవెల్‌కి వెళ్లే వేళయిందన్నమాట. పేజీలో ఒకటి రెండు సార్లు గట్టిగా ఆగిపోయే లెవెల్ మీకు సరైనది.

ప్రచురణకర్తలకి ఒక విన్నపం కూడా ఉంది. చివర్లో సమాధానాల గళ్లు మాత్రమే ఉన్నాయి, దారి లేదు. నాలుగు నక్షత్రాల దగ్గర ఆగడానికి రెండో కారణం ఇది. ప్రతి కఠినమైన పజిల్ సమాధానం కింద ఒక్క లైను, ‘ఆరో వరుసలో 4 ఎక్కడ పడుతుందో చూడండి’ అన్నంత చాలు. కఠినమైన పజిల్స్ అన్నిటికీ కలిపి అది కొన్ని పేజీలకు మించదు. ఆ ఒక్క లైను ఉంటే, కఠినం భాగం మొదట్లో పుస్తకం మూసేసేవాళ్లలో చాలామంది కొనసాగుతారని నా నమ్మకం. తర్వాతి ముద్రణలో అది చేరిస్తే ఐదో నక్షత్రం కూడా ఇస్తాను.